వలీ పేరు మీద ఒక సీసా

కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాల నెట్టు మీదికి ఎక్కే బల్ల ఒక మనిషి వెడల్పే ఉంటుంది. భుజాన బస్తాతో ముందువాడు ఆగాడంటే వెనకున్న వాళ్ళందరూ ఆగాల్సిందే. పక్కకు తప్పుకునే చోటు లేదు, బరువుతో వెనక్కి దిగే వీలు లేదు. నిరుడు మా పక్క హమాలీ ముఠా మనిషొకడు ఆ బల్ల మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. వాడి వెనకున్నవాడికి కాలు విరిగింది. గుండె పట్టుకున్నవాడు మాత్రం ఆటో ఎక్కించేలోపే పోయాడు. ఆ తర్వాత గోడౌను షావుకారు లేబరాఫీసు చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగి తిరిగి సగమయ్యాడు. చచ్చినవాడి మీద ఆయనకు ఎంత జాలి కలిగిందో నాకు తెలియదు గాని, హమాలీ గుండె అంటే మాత్రం భయం పట్టుకుంది. నా బతుకు ఇరుక్కున్నది ఆ భయంలోనే.

మాది ప్రత్తిపాడు. ఆరో తరగతి సగంలో బడి మానేసి అరక పట్టాను. పత్తి వేసేవాణ్ణి. తొంభై ఏడులో పచ్చపురుగు వచ్చింది. ఏ మందు కొట్టినా అది స్నానం చేసి లేచినట్టు లేచేది. కాయంతా తినేసింది. పొలం పోయింది. ఊళ్ళో ఉంటే జాలిపడేవాళ్ళు ఎక్కువవుతారని గుంటూరు వచ్చి మిర్చి యార్డులో పడ్డాను. ముఠాలో చోటు దొరకడం తేలిక కాదు. ఒకడు పోతేనే ఇంకొకడు. నలభై దాటినవాణ్ణి ఎవరూ కొత్తగా చేర్చుకోరు. నన్ను వెంకయ్య మేస్త్రి తన ముఠాలో పెట్టుకున్నాడంటే అది నాగూర్ వలీ పుణ్యం. టీ బంకు దగ్గర పరిచయం, అంతే. "మా బావకి చోటియ్యి మేస్త్రీ, పొలం పని చేసిన భుజం" అని వెంటపడి ఇప్పించాడు. ఆ రోజు నుంచి వాడు నన్ను బావా అనే పిలిచాడు. ఆ చోటు పోతే నాకు ఈ లోకంలో ఇంకో చోటు లేదు.

ముఠాలో అందరిదీ ఒకటే సంపాదన. ఎవడు ఎన్ని బస్తాలు మోసినా శనివారం సాయంత్రం సమానంగా పంచుకుంటాం. పనిలో దెబ్బ తగిలితే, అంటే నడుం పట్టినా, కాలు మడతపడినా, తగ్గేదాకా కూర్చోబెట్టి వాటా ఇస్తాం. జబ్బు చేస్తే ఇవ్వం. దెబ్బ పనిది, జబ్బు వాడిది. పెద్ద జబ్బయితే చోటు కూడా ఇంకొకడికి పోతుంది. ఆ కట్టుబాటు పెట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పని ఇప్పుడూ అనను. అది లేకపోతే దగ్గొచ్చిన ప్రతివాడూ నీడపట్టున పడుకుంటాడు.

వలీ ఆ సీజనులో నడుం పట్టిందని కూర్చున్నాడు. పెదకాకాని నుంచి రోజూ సైకిలు మీద వచ్చి, జైతున్‌బీ బజ్జీల బంకు పక్కన గోనె పరుచుకుని కూర్చునేవాడు. వాడి భార్య ఖుర్షిదా యార్డులోనే కాయలకు తొడిమలు తీసేది.

"నడుం నొప్పివాడివి సైకిలెట్లా తొక్కుతున్నావురా?" అని మేస్త్రి అడిగితే, "తొక్కేది కాళ్ళతో గదా మేస్త్రీ" అనేవాడు.

రెండువేల మూడు మార్చిలో, లారీలు గేటు దాకా వరస కట్టిన రోజుల్లో, లక్ష్మీదుర్గ అనే డాక్టరమ్మ వచ్చింది. ఒక కాలేజీలో పరిశోధన చేస్తోందట. షావుకారే వెంటబెట్టుకొచ్చాడు. నిరుటి చావు తర్వాత ఆయనకు డాక్టరంటే దేవుడితో సమానం. మమ్మల్నందరినీ రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టారు.

"రక్తంలో కొవ్వు తనంతట తాను తిరగలేదండీ" అని మొదలుపెట్టిందామె. "నీళ్ళలో నూనె కలవదు కదా. అందుకని దాన్ని మోసుకెళ్ళేవి ఉంటాయి. లైపోప్రోటీన్లు అంటాం."

"అంటే హమాలీలు" అన్నాడు వలీ.

"అలాగే అనుకోండి. ఎల్‌డీఎల్ అని ఒక రకం, కొవ్వును మోసుకెళ్ళి ఒంట్లో దించుతుంది. హెచ్‌డీఎల్ అని ఇంకోటి, మిగిలినదాన్ని వెనక్కి మోసుకొస్తుంది."

"వాటిక్కూడా మేస్త్రి ఉంటాడామ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "మేస్త్రి సంగతి తెలియదు గాని, వాటికి తుప్పు పడుతుంది. ఇనుముకు పట్టినట్టే. తుప్పు పట్టిన ఎల్‌డీఎల్ రక్తనాళం గోడలో ఇరుక్కుపోతుంది. బయటికి రాలేదు. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి పేరుకుంటాయి. మెల్లగా దారి పూడుతుంది. అది గుండెకు పోయే దారి అయితే మనిషికి ప్రమాదం."

అప్పుడెవరూ నవ్వలేదు. అందరికీ బల్ల గుర్తొచ్చింది.

మిరప ఎరుపులాంటి రంగులు ఆ తుప్పును ఆపుతాయేమోనని కొందరు రాశారట. మేము పొద్దస్తమానం మిరపలోనే ఉంటాం. కానీ దుమ్ము పీలుస్తాం, బీడీ తాగుతాం, మాడిన నూనెలో వేగిన బజ్జీలు తింటాం. మా రక్తంలో ఏది గెలుస్తోందో చూడాలని ఆమె ఆశ. మనిషికొక చిన్న సీసా రక్తం కావాలి. పరగడుపున రావాలి, టీ కూడా తాగకూడదు. ఇచ్చినవాడికి పాలు, అరటిపండు, ఉడికిన గుడ్డు ఇస్తారు.

ఆమె వెళ్ళాక మేస్త్రి తల పట్టుకున్నాడు. "టీ లేక ఒకడు, రక్తం పోయి ఒకడు పడుకుంటే లారీ ఎవడు నింపుతాడ్రా. షావుకారికి చెయ్యనని చెప్పలేను." వాడి చూపు గోనె మీద కూర్చున్న వలీ మీద పడింది. "ఒరేయ్, ఎటూ ఖాళీగా ఉన్నావు. రోజుకో పేరు మీద నువ్వు పోయిరా."

"రక్తం నాదొక్కడిదే గదా మేస్త్రీ."

"వాటా మాత్రం అందరిదీ తింటున్నావుగా."

అందులో తప్పుందని మాలో ఒక్కడికీ తోచలేదు. ఒకడి బదులు ఇంకొకడు బస్తా మోస్తే లారీ నిండుతుంది. ఎవడు మోశాడని లారీ అడగదు. రక్తం కూడా అంతేననుకున్నాం. సీసా నిండాలి, ఎవడి ఒంట్లోదైతే ఏమిటి. రక్తం తీసేవాళ్ళు కూడా ఒక రోజు వచ్చినవాడు మళ్ళీ వచ్చేవాడు కాదు. ఘాటుకు తట్టుకోలేక ముక్కు చీదుకుంటూ ఎప్పుడు పోదామా అని చూసేవాళ్ళు. యార్డులో ప్రతివాడి మొహానికీ తుండుగుడ్డ చుట్టి ఉంటుంది, కళ్ళు తప్ప కనిపించవు. పేరు పిలిస్తే వలీ చెయ్యి చాపేవాడు. నా పేరు పిలిచిన రోజున కూడా వాడే చాపాడు. సగం ముఠా పేర్లు అట్లాగే అయిపోయాయి. సీజను చివరికి వాడి బుగ్గలు కాస్త నిండాయని, గుడ్లన్నీ వాడే తింటున్నాడని మేము ఏడిపించేవాళ్ళం.

జూన్లో డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. మొహంలో కళ లేదు. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెప్పాల్సింది. కానీ అప్పటికే షావుకారు, గుమస్తా వచ్చి ఆమె ఎదురుగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

"మీ ముఠాలో చాలామంది రక్తం ఒకేలా ఉంది" అంది. "అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఎల్‌డీఎల్ ఎక్కువ, దాని తుప్పు ఇంకా ఎక్కువ. వెనక్కి మోసే హెచ్‌డీఎల్ బాగా తక్కువ. నేను ఇంతవరకు ఇట్లాంటిది చూడలేదు. మీరందరూ కలిసి తినేది ఏమిటి?"

అందరం బజ్జీల బంకు వైపు చూశాం. డాక్టరమ్మ లేచి వెళ్ళి మూకుడులోని నల్లనూనె సీసాలో పట్టమంది. జైతున్‌బీ గరిటె చేత్తో పట్టుకుని నిలబడింది.

"నిన్నటి నూనేనమ్మా. మొన్నటిది కాదు" అంది.

"మొన్నటిది ఏం చేశావు?"

"నిన్నటి దాంట్లో కలిపాను."

నవ్వొచ్చే మాటే. నవ్వే తీరిక లేకపోయింది. షావుకారు లేచి నిలబడ్డాడు. "అమ్మా, ఆ పేర్లు చదవండి." ఆమె తటపటాయించింది. ఆయన మళ్ళీ అడిగాడు. చదివింది. నా పేరు మూడోది.

"ఈ చదివినవాళ్ళెవరూ నా గోడౌన్లో బల్ల ఎక్కడానికి వీల్లేదు."

"పని మానమని నేను చెప్పడం లేదండీ" అందామె గాభరాగా. "మళ్ళీ ఒకసారి చూడాలి. అవసరమైతే మందులు వాడాలి. ఇది పరిశోధన, మీరు అనుకునే లాంటి..."

"బల్ల మీద పడి చస్తే కేసు మీ మీద పెడతారా, నా మీద పెడతారా?"

ఆఖరికి ఒక ఒప్పందం జరిగింది. అందరూ ఆమె కాలేజీ ల్యాబుకు పోయి మళ్ళీ రక్తం ఇవ్వాలి. బాగున్నవాళ్ళు పనిలోకి రావచ్చు.

ఆ సాయంత్రం మేస్త్రి అందరినీ గేటు బయట నిలబెట్టాడు. "ఈసారి ఎవడి చెయ్యి వాడే పెట్టుకోండ్రా. మీకేం కాదు. మొదటివన్నీ ఒక్కడివేగా." అని వలీ వైపు తిరిగాడు. "నీ సంగతే నాకు అనుమానంగా ఉంది. నడుం నొప్పివాడి రక్తంలో ఇంత తుప్పేమిటిరా? రెండోసారి తేలనీ. జబ్బయితే చోటు ఖాళీ చేద్దువుగాని."

అందరూ పోయాక వలీ నా పక్కన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. లారీలు లేని చోట ఆగాడు.

"నడుం బాగానే ఉంది బావా."

"తెలుసు" అన్నాను. నిజానికి అప్పుడే తెలిసింది.

"సంక్రాంతి అయినాక ఒకరోజు బల్ల మధ్యలో రొమ్ము పట్టేసింది. మాట రాలేదు. నీ ముందే ఉన్నాను. నువ్వు వెనకనించి 'నడువురా' అని అరిచావు కూడా. ఎట్లాగో ఎక్కాను. పైకి పోయినాక నడుం అని చెప్పాను. గుండె అంటే వాటా రాదు గదా."

"డాక్టరుకు చూపించుకోరాదంట్రా?"

"చూపించుకుంటే ఏం చెబుతాడు. బరువు మొయ్యొద్దంటాడు. మొయ్యకపోతే ఏం తినాలో అది చెప్పడు." సైకిలు గంట మీద వేలు పెట్టి తిప్పుతూ అన్నాడు, "నీ పేరు మీద నేనొక సీసా ఇచ్చాను. నా పేరు మీద నువ్వొకటి ఇయ్యి."

నేను నడక ఆపేశాను. "బుద్ధుండే మాట్లాడుతున్నావా? బాగుందని చెబితే మళ్ళీ బస్తా ఎత్తాలి. ఎత్తితే చస్తావు."

"సీజను అయిపోయింది. ఇంక సరుకు దించేది తక్కువే. మెల్లగా మోస్తాను. నువ్వు ముందు నడువు, నేను నీ వెనక వస్తాను, ఈసారి నిన్నే తిట్టుకుంటాను." నవ్వాడు. "నీది ఎద్దు రక్తం బావా. నీకేం తరుగుద్ది."

కాదంటే వాడు నా కళ్ళ ముందే ముఠాలోంచి పోతాడు. నన్ను ముఠాలో పెట్టించినవాడు. సరేనంటే వాడు బల్ల ఎక్కుతాడు, నేను వాడి ముందో వెనకో ఉంటాను. మేస్త్రికి చెబితే ద్రోహం, చెప్పకపోతే హత్య. ఎటూ కదలకుండా నిలబడ్డాను. వాడు కూడా తొందరపెట్టలేదు. వాడికి తెలుసు, నేను కాదనలేనని. మనిషి మంచితనాన్ని ఇంత సులువుగా కనిపెట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ల్యాబులో ఒక కిటికీ ఉంటుంది. దాంట్లోంచి చెయ్యి లోపలికి పెట్టాలి. అవతల ఉన్నవాళ్ళకు మొహం చూసే తీరిక లేదు, చేతులే చూస్తారు. సోమవారం నా పేరు చెప్పి కుడి చెయ్యి పెట్టాను. బుధవారం వలీ పేరు చెప్పి ఎడమ చెయ్యి పెట్టాను. ఆ ఎడమ చెయ్యి కొంతకాలంగా మోచేతి దాకా లాగుతోంది. బస్తాకు తగిలించే కొక్కెం పట్టే చెయ్యి లాగకపోతే ఏం చేస్తుందని పట్టించుకోలేదు. సూది గుచ్చిన చోట దూది అదుముకుంటూ బయటికొస్తుంటే, ఏదో దొంగతనం చేసినట్టు కాదు, దానం చేసినట్టు అనిపించింది. అంత గర్వం నాకు పత్తి బాగా పండిన ఏడాది కూడా లేదు.

డాక్టరమ్మ ఈసారి షావుకారు గదిలోనే కూర్చుంది. మేము బయట వరండాలో నిలబడ్డాం. ఆమె మొదట అన్నమాట తన గురించే. "మొదటి విడతలో ఎక్కడో పెద్ద పొరపాటు జరిగింది. ఆ సీసాలు ఏవి ఎవరివో నాకు నమ్మకం లేదు. మీ ముఠా మీద చేసిన పనంతా కొట్టేస్తున్నాను." కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఘాటుకో మరెందుకో. మేమెవరం ఆమె మొహం వైపు చూడలేదు. మేస్త్రి పైకప్పు రేకులు చూస్తున్నాడు.

"ఇప్పుడు దాదాపు అందరివీ బాగున్నాయి" అంది. "ఇద్దరివి తప్ప."

నేను వలీ వైపు చూడలేదు. ఆ ఇద్దరిలో వాడు లేడని నాకు తెలుసు. ఎవరా పాపం అనుకున్నాను.

"నాగూర్ వలీ గారు. కోటేష్ గారు."

కోటేష్ అంటే నేనే.

"మీ ఇద్దరూ వెంటనే గుండె డాక్టరుకు చూపించుకోవాలి. నేను చీటీ రాసిస్తాను, డబ్బులడగరు. మొదటిసారి చూసినదానికంటే ఇవి ఎక్కువగా ఉన్నాయి. మీ ఇద్దరివీ కూడా దాదాపు ఒకేలా ఉన్నాయి." ఆగింది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "కోటేష్ గారూ, మీకు చెయ్యిగాని, దవడగాని లాగుతుందా?"

"లేదమ్మా" అన్నాను.

షావుకారు గుమస్తాను పిలిచి ఏదో చెప్పాడు. మేస్త్రి మా ఇద్దరి ముందుకొచ్చి నిలబడ్డాడు. "దెబ్బయితే నేను చూసుకునేవాణ్ణిరా" అన్నాడు. "కట్టుబాటు మీకు తెలుసు. నువ్వైతే పెట్టినవాడివి కూడా." అది నా వైపు చూసి అన్నమాట. మర్నాడే నరసరావుపేట వైపు నుంచి ఇద్దరు కుర్రవాళ్ళను తెచ్చుకున్నాడు.

వలీ ఆ సాయంత్రం నన్ను జైతున్‌బీ బంకు దగ్గర పట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"ఎవరి చెయ్యి పెట్టావు బావా?"

"నాదే."

"నీదైతే నాకు జబ్బెట్లా వచ్చింది?"

"నాక్కూడా వచ్చిందిగా. వినలేదా?"

"నీది ఎద్దు రక్తం. నేను చూశాను, నువ్వు బస్తా మోసేది." నన్ను పైనుంచి కిందికి చూశాడు. "డాక్టరమ్మకు చెప్పావు. మొదటి సీసాలన్నీ నావేనని చెప్పావు. ఆవిడ పాత సీసా చూసి నా పేరు రాసింది. నువ్వు ఒక్కడివే తప్పించుకుంటే బాగుండదని నీ పేరూ కలిపించుకున్నావు. రేపు నువ్వు మళ్ళీ పరీక్ష చేయించుకుని ఏ జబ్బూ లేదని తెల్లగా వస్తావు."

"ఒరేయ్, నేనెందుకు చెబుతానురా?"

"నేను బల్ల మీద చస్తానని. నువ్వు మంచోడివిగా."

ఆ మాటకు నా దగ్గర జవాబుంది. నాలుగు అడుగులు వేస్తే ల్యాబు. వలీని వెంటబెట్టుకుపోయి, వాడి కళ్ళ ముందే నా చెయ్యి ఆ కిటికీలో పెడితే సరిపోతుంది. మూడోసారి కూడా అదే వస్తే నేను ద్రోహిని కానని వాడికి తెలుస్తుంది. తెల్లగా వస్తే వాడన్నదే నిజమవుతుంది, నాకు చోటు తిరిగొస్తుంది. కానీ ఒక ఒంట్లోంచే రెండు సీసాలు పోయాయి, రెండు రోజుల తేడాలో, రెండు పేర్లతో. రెండూ ఒకేలా వచ్చాయి. మొదటిసారి ముఠా పేరు మీద వచ్చినవి పొరపాటు. ఇవి పొరపాటు కావు. ఇది లోకంలో నాకొక్కడికే తెలుసు.

వాడు నమ్మాలంటే ముందు నా జబ్బును నేను నమ్మాలి.

"సరే, చెప్పాను" అన్నాను. "నేనే చెప్పాను డాక్టరమ్మకి. ఏం చేస్తావు?"

వలీ తిడతాడనుకున్నాను, తిట్టలేదు. సైకిలు స్టాండు తీశాడు. ఖుర్షిదా తొడిమలు తీసే చోటు నుంచి లేచొచ్చి వెనక క్యారేజీ మీద కూర్చుంది. వాడు తొక్కలేదు, నడిపించుకుంటూ పోయాడు. మొన్నటిదాకా గుండె సంగతి ఎవరైనా కనిపెడతారేమోనని తొక్కేవాడు కాబోలు.

ఆ తర్వాత వాడు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆస్పత్రికి పోతున్నాడని, మాత్రలు మింగుతున్నాడని విన్నాను. చోటు పోయింది గనక పోయాడు, లేకపోతే పోయేవాడు కాదు. నా చీటీ ఇంట్లో దేవుడి పటం వెనక ఉంది.

నేను రోజూ యార్డుకు పోతూనే ఉన్నాను. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ సంతోషకుమారి అడుగుతుంది, పని ఎందుకు లేదని. గేటు లోపల జైతున్‌బీ బంకు పక్కన గోనె పరుచుకుని కూర్చుంటాను, వలీ కూర్చున్న చోటే. ఆమె మూకుడు మార్చింది, నూనె మార్చలేదు. అడగకుండానే రెండు బజ్జీలు కాగితంలో పెట్టి ఇస్తుంది.

"నడుమా అన్నా?" అని అడిగింది మొదటిరోజు.

"ఆ, నడుమే" అన్నాను.

అక్కడి నుంచి కోల్డ్ స్టోరేజీ తలుపులోంచి బల్ల కనిపిస్తుంది. కొత్త కుర్రవాళ్ళు ఒకడి వెనక ఒకడు ఎక్కుతుంటారు. నేను కొక్కెం పట్టి చాలా రోజులైంది. ఎడమ చెయ్యి మాత్రం ఇంకా లాగుతూనే ఉంది.